ఇవాళ ఒక్కరోజుకి ఏమవుతుంది?

పోయిన శనివారం మా పక్క టౌన్‌లో తెలిసినవాళ్లింట్లో సత్యనారాయణ వ్రతం. కొత్తిల్లు కొనుక్కున్నారు, పైగా శ్రావణమాసం. పూజయ్యాక బేస్‌మెంట్‌లో భోజనాలు. న్యూజెర్సీలో మన పార్టీలన్నీ పాట్‌లక్‌లే కాబట్టి ఎవరేం తెస్తున్నారో వారం ముందే వాట్సాప్‌లో షీట్ తిరుగుతుంది. కూర, పప్పు, పెరుగన్నం గళ్ల దగ్గర బతిమాలితే గానీ పేర్లు పడవు. డెసర్ట్ గడికి మాత్రం ఎప్పుడూ కరువుండదు. ఊరికే లెక్కపెట్టాను. ప్రసాదం కాకుండా బొబ్బట్లు, గులాబ్‌జామ్, డబుల్‌కా మీఠా, క్యారెట్ హల్వా, మ్యాంగో పై, ఎవరి అత్తగారో ఊరి నుంచి తెచ్చిన కాజాలు, ఆ నెలలో పుట్టినరోజులున్న ముగ్గురు పిల్లలకీ కలిపి ఒక పెద్ద కేకు. పిల్లల బల్ల మీద సోడా డబ్బాలు సరేసరి.

అక్కడున్న నలభై దాటినవాళ్లలో షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు కనీసం ఎనిమిది మంది. నాకెలా తెలుసంటే, ఇళ్ల ధరలు, గ్రీన్‌కార్డు తర్వాత మన పార్టీల్లో మూడో టాపిక్ ఇప్పుడు ఏ1సీనే. ఒక చేత్తో పేపర్ ప్లేటు పట్టుకుని, రెండో చేత్తో జామ్ తుంచుకుంటూ, "నాది 7.2కి దిగిందండీ" అని చెప్పుకుంటున్నాం. వద్దన్నవాళ్లకి దొరికే జవాబు మీకూ తెలిసిందే. "ఇవాళ ఒక్కరోజుకి ఏమవుతుంది వదినా?"

ఆ మాట నేనూ చాలామందితో అన్నాను. నాకూ చాలామంది చెప్పారు. రెండేళ్ల క్రితం నా ఏ1సీ 6.1 వచ్చేదాకా అందులో తప్పేముందో నాకు తట్టలేదు.

ఏ1సీ అంటే గడిచిన రెండు మూడు నెలల్లో రక్తంలో చక్కెర సగటున ఎంతుందో చెప్పే పరీక్ష. 5.7 నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్, 6.5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే డయాబెటిస్. నేను లావుగా ఉండను. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 132 పౌండ్లు, బీఎంఐ 24. ఏటా చెకప్‌లో "నార్మల్" అని రాసి పంపించేవారు, ఎందుకంటే మామూలు పట్టికలో 25 లోపు ఉంటే నార్మలే. కానీ ఆసియా మూలాలున్నవాళ్లకి 23 దగ్గర్నుంచే షుగర్ పరీక్ష చేయించాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లోనే చెప్పింది. నా ఎత్తుకి 23 అంటే దాదాపు 126 పౌండ్లు, 25 అంటే 137. మధ్యలో ఉన్న ఆ పదకొండు పౌండ్ల సందులో నేను ఏళ్ల తరబడి నిశ్చింతగా కూర్చున్నాను. మనవాళ్లకి కండ తక్కువ, పొట్ట లోపల అవయవాల చుట్టూ చేరే కొవ్వు ఎక్కువ. చూడ్డానికి సన్నగా ఉన్నా లోపల ఇన్సులిన్ పని చేయడం కష్టమవుతుంది. షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతాల్లో స్థిరపడిన దక్షిణాసియావాసుల మీద 2010లో మొదలైన ఒక పెద్ద అధ్యయనం ఉంది. దాని పేరు నిజంగానే "మసాలా". ఇక్కడి మిగతా జాతులవాళ్లతో పోలిస్తే మనలో డయాబెటిస్ ఎక్కువని అందులో తేలింది.

రిపోర్టు చూడగానే నేను చేసిన మొదటి పని, ఫ్రిజ్‌లో ఉన్న సున్నుండల డబ్బా తీసి పక్కింటి గుజరాతీ వాళ్లకిచ్చేయడం. అమ్మ తెనాలి నుంచి పంపినవి. ఏదో ఘనకార్యం చేసినట్టు ఫీలయ్యాను. మూడు వారాలు ఏ స్వీటూ ముట్టుకోలేదు. నాలుగో వారం రాత్రి పదకొండింటికి పిల్లల చాక్లెట్ చిప్ కుకీల ప్యాకెట్ సగం ఖాళీ చేసి, రేపర్‌ని చెత్తబుట్టలో కింద, కూరగాయల తొక్కల అడుగున దాచిపెట్టాను. నలభై ఆరేళ్ల మనిషిని, నా ఇంట్లో, నా డబ్బుతో కొన్న బిస్కట్ల కాగితం దాచుకున్నాను.

ఆ మర్నాడు మా డాక్టరుగారి దగ్గర పనిచేసే డైటీషియన్ ఒక మాట చెప్పింది. ఏదీ మానకండి, వారం రోజులు కేవలం రాయండి అంది.

క్యాలెండర్ వెనకాల లెక్క

ఇండియన్ గ్రాసరీలో కొత్త సంవత్సరానికి ఊరికే ఇచ్చే తెలుగు క్యాలెండర్ ఉంటుంది కదా, తిథి, వర్జ్యం, కింద బియ్యం బ్రాండు ప్రకటన. పాత నెల కాగితం చింపి దాని వెనక రాయడం మొదలుపెట్టాను. అదనంగా కలిపిన చక్కెర ఎక్కడెక్కడ నోట్లోకి వెళ్తోందో, గ్రాముల్లో. (ఇక్కడొక చిన్న మాట. మాది తెనాలి, మావారిది కరీంనగర్. పెళ్లయి 19 ఏళ్లయినా వంటింట్లో ఆ డబ్బా మీద "పంచదార" అని రాయాలా "చక్కెర" అని రాయాలా అన్నది ఇంకా తేలలేదు. ఈ వ్యాసంలో రెండూ వస్తాయి, సర్దుకోండి.)

పెద్దవాళ్లకి రోజుకి ఎంత కలిపిన చక్కెర దాటకూడదో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెప్పిన లెక్క ఒకటుంది. ఆడవాళ్లకి 25 గ్రాములు, అంటే ఆరు టీస్పూన్లు. మగవాళ్లకి 36 గ్రాములు, తొమ్మిది స్పూన్లు. ఒక స్పూను నాలుగు గ్రాములు. నేను రోజుకి మూడు కాఫీలు తాగుతాను, కప్పుకి రెండు స్పూన్లు. ఇరవై నాలుగు గ్రాములు. ఇంకేం తినకుండానే నా రోజు కోటా కాఫీతోనే అయిపోతోందన్నమాట. ఇన్నేళ్లలో ఎవరైనా "స్వీట్లు బాగా తింటావా?" అని అడిగితే కాఫీ సంగతి నాకెప్పుడూ గుర్తురాలేదు. కాఫీ స్వీటు కాదు కదా.

తర్వాత మిగతావి. ఆరోగ్యానికి మంచిదని లంచ్‌లో తినే స్ట్రాబెరీ యోగర్ట్ చిన్న కప్పు. నాలుగింటికి ఆఫీసు డ్రాయర్‌లోంచి తీసే గ్రనోలా బార్. సలాడ్ మీద పోసుకునే డ్రెస్సింగ్. పిల్లలు గిన్నెలో వదిలేసిన సీరియల్, పారేయడం ఇష్టం లేక నిలబడి తినేది. పకోడీకి కెచప్, ఒక్క టేబుల్‌స్పూన్‌కే నాలుగు గ్రాములు, నేనేమో గుంటగరిటెతో వేసుకుంటాను. గోబీ మంచూరియా సాస్. టీలో ముంచుకునే బిస్కట్లు. శుక్రవారం ఆఫీసులో డోనట్. వారం చివర కూడితే మూడింట రెండొంతులకి పైగా ఇలాంటివాటి నుంచే వచ్చింది. ఆ వారం నేను తిన్న అసలు సిసలు స్వీట్లు రెండే, ఒక బొబ్బట్టు, గుళ్లో ఒక లడ్డూ. పశ్చాత్తాపం మాత్రం మొత్తం ఆ రెండింటి మీదే పడింది.

నా అభిప్రాయం ఇక్కడి నుంచే పుట్టింది. తీపి మీద మనం చేస్తున్న యుద్ధం తప్పుడు శత్రువుతో జరుగుతోంది. సంక్రాంతి అరిసె, ఉగాది బొబ్బట్టు, వరలక్ష్మీ వ్రతం నాటి పూర్ణం, మా అత్తగారు చేసే భక్షాలు, వీటికి పేర్లున్నాయి, రోజులున్నాయి, చేసిన చేతులు గుర్తుంటాయి. యోగర్ట్‌లో, సాస్‌లో, మూడో కాఫీలో ఉన్న చక్కెరకి పేరు లేదు. అది తిన్నామని కూడా తెలియదు. తినకపోతే ఏ పండగా ఆగిపోదు. ముందు వదిలించుకోవాల్సింది ఆ పేరులేని తీపిని. అరిసెని దోషిని చేసి, కెచప్‌ని వదిలేసే పథ్యం ఎవరింట్లోనూ నెల దాటి నిలబడదు, నా ఇంట్లో నిలబడలేదు.

లేబుల్ చదవడం కూడా అంత కష్టం కాదు. 2020 నుంచి పెద్ద కంపెనీలన్నీ ఇక్కడ ప్యాకెట్ మీద "యాడెడ్ షుగర్స్" అని విడిగా వేయాలి. "టోటల్ షుగర్స్" అన్న గీత కింద ఇంకాస్త లోపలికి జరిపి ఉంటుంది. పాలలో, పండులో సహజంగా ఉన్నది అందులోకి రాదు, ఫ్యాక్టరీలో కలిపినదే వస్తుంది. ఆ అంకెని నాలుగుతో భాగిస్తే ఎన్ని స్పూన్లో తెలుస్తుంది. పక్కనే ఉండే శాతంతో మాత్రం జాగ్రత్త. అది రోజుకి 50 గ్రాముల లెక్కన వేసినది. అంటే లేబుల్ 20 శాతం అంటే, హార్ట్ అసోసియేషన్ లెక్కలో ఒక ఆడమనిషికి అది 40 శాతం. ఇంకో చిక్కు పళ్లరసాలతో. నూరు శాతం ఆరెంజ్ జ్యూస్ మీద యాడెడ్ షుగర్స్ సున్నా అనే ఉంటుంది, ఎనిమిది ఔన్సుల గ్లాసులో చక్కెర మాత్రం ఇరవై గ్రాములు పైనే. జ్యూస్‌లో చక్కెరనీ తేనెనీ కూడా తగ్గించుకోవాల్సిన జాబితాలోనే చేర్చింది ప్రపంచ ఆరోగ్య సంస్థ. పండు తినండి, పిండకండి.

ఇక బెల్లం. "పంచదార మానేశామండీ, అంతా బెల్లమే" అని గర్వంగా చెప్పే ఇళ్లు మా చుట్టుపక్కల చాలా ఉన్నాయి. ఆర్గానిక్ బెల్లం, తాటిబెల్లం, ఖర్జూరం పొడి. రుచిలో తేడా నిజం, బెల్లం పరమాన్నానికి పంచదార పరమాన్నం ఎప్పటికీ సాటిరాదు. కానీ బెల్లంలో అత్యధిక భాగం చక్కెరే. కొద్దిగా ఇనుము, ఇంకొన్ని ఖనిజాలు ఉన్నాయని దాన్ని మందులా మింగితే రక్తానికి ఆ తేడా తెలియదు. రుచికోసం బెల్లం వాడండి, ఆరోగ్యం పేరు చెప్పి రెండో గరిటె వేసుకోకండి. షుగర్‌ఫ్రీ స్వీట్ల సంగతీ అంతే, వాటిలో మైదా, నెయ్యి, కోవా ఎక్కడికీ పోవు. బరువు తగ్గడానికి కృత్రిమ తీపి పదార్థాల మీద ఆధారపడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. ఇప్పటికే డయాబెటిస్ ఉన్నవాళ్లకి ఆ సూచన వర్తించదు, వాళ్లు డాక్టరు మాటే వినాలి.

రెండు పంచాంగాలు

మా చిన్నప్పుడు అరిసెలు ఏడాదికి ఒక్కసారే చేసేవాళ్లు. బియ్యం నానబెట్టి, తడిపిండి దంచి, జల్లించి, పాకం నీళ్లలో వేస్తే ఉండ కట్టిందో లేదో పదిసార్లు చూసి, నూనెలోంచి తీసినదాన్ని చెక్కల మధ్య వత్తి. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లకి ఒక రోజంతా పట్టే పని. చేశాక పెద్ద స్టీలు డబ్బాలో పెట్టి మా నాయనమ్మ మూత మీద చెయ్యేసుకుని కూర్చునేది. మనిషికి ఒకటి, గట్టిగా అడిగితే అర. పంచదార రేషన్ కార్డు మీద వచ్చేది, అదీ ఎంత మందికి ఎంత అన్న లెక్కతో. మనవాళ్లకి తీపి మీద నిగ్రహం ఉండేదని నేననను. ఆ పనీ ఆ ఖర్చూ ఆ క్యాలెండరే పగ్గాలుగా ఉండేవి.

ఇప్పుడు ఎడిసన్‌లో ఓక్‌ట్రీ రోడ్డు మీదకి వెళ్తే ఏ మంగళవారమైనా అరిసెలు, పూతరేకులు, కాజాలు, మైసూర్‌పాక్ దొరుకుతాయి. ఇండియా నుంచి నాలుగైదు రోజుల్లో కొరియర్‌లో వస్తాయి. ఎవరి తల్లిదండ్రులు వచ్చినా సూట్‌కేసులో సగం బట్టలు, సగం స్వీట్లు. తీపిని మనతోపాటు తెచ్చుకున్నాం, పగ్గాలు అక్కడే ఉండిపోయాయి.

అది చాలదన్నట్టు మన ఇళ్లలో రెండు పంచాంగాలు నడుస్తున్నాయి. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం, రాఖీ, కృష్ణాష్టమి. తర్వాత వినాయక చవితి, దసరా, బతుకమ్మ. అక్కడి నుంచి ఒక పక్క దీపావళి, ఇంకో పక్క హాలోవీన్, చాలా ఏళ్లు పది ఇరవై రోజుల తేడాలో వస్తాయి. పిల్లలు దిండు గలీబుల్లో తెచ్చుకున్న క్యాండీ ఇంకా అయిపోక ముందే థాంక్స్‌గివింగ్ పైలు. తర్వాత ఆఫీసుల్లో క్రిస్మస్ కుకీలు, న్యూఇయర్ కేకు, సంక్రాంతి. ఆగస్టు నుంచి జనవరి దాకా ఆర్నెల్లు ఆగకుండా పండగే. మా నాయనమ్మకి ఒక పంచాంగం, అందులోనూ సగం పండగలకి ఉపవాసం. అమెరికన్ పొరుగువాళ్లకి ఇంకో పంచాంగం. రెండింటి తీపీ తింటున్నది మనం ఒక్కళ్లమే, ఆ భారం మోయడానికి మన ఒళ్లు మిగతావాళ్లకంటే తక్కువ సిద్ధంగా ఉన్నా సరే.

"ఇవాళ ఒక్కరోజుకి ఏమవుతుంది" అన్న ప్రశ్నకి నా జవాబు ఇదే. ఒక్కరోజుకి ఏమీ అవదు. పోయిన నెల క్యాలెండర్ కాగితం మీద ఆ "ఒక్కరోజు" పదమూడుసార్లు వచ్చింది.

పైన చెప్పిన ఎనిమిది మందిలో ఎవరికీ ఇవి తెలియనివి కావు. అందరూ చదువుకున్నవాళ్లే, కొందరు స్వయంగా డాక్టర్లు. అయినా ఎందుకు ఆగలేకపోతున్నామంటే నాకు కనిపించే కారణం ఒకటే, మన మొహమాటం. ఊళ్లో అతిథి మొహమాటపడి వద్దనేవాడు, ఆకలున్నా. అందుకని గృహస్థు మూడుసార్లు అడగడం మర్యాద. తక్కువ ఉన్న రోజుల్లో ఎదుటివాడి కడుపు నిండిందో లేదో తెలుసుకునే పద్ధతి అది. ఇప్పుడు అతిథి నిజంగానే కారణం చెప్పి వద్దంటాడు, మనం ఆ కారణం విని కూడా ప్లేటులో వేస్తాం. ఎన్ని వేశామన్నదే ప్రేమకి కొలత అనుకుంటాం.

నేను చేసిన ఒక తప్పు చెప్తాను. ఐదేళ్ల క్రితం ఒక ఫ్రెండ్ వాళ్ల నాన్నగారు ఆర్నెల్ల కోసం ఇక్కడికొచ్చారు. మా ఇంటికి భోజనానికి పిలిచాం. ఆయన వద్దమ్మా అంటున్నా, "బాబాయ్‌గారూ, మా చేతి వంట తినకుండా వెళ్తారా" అని రెండు జామ్‌లు, పైన ఐస్‌క్రీమ్ వేశాను. ఆయన నన్ను నొప్పించలేక తిన్నారు. ఆ రాత్రి ఆయన మీటర్‌లో 310 వచ్చిందని మర్నాడు పిన్నిగారు ఫోన్‌లో చెప్పారు. కోపంగా చెప్పలేదు, "నీ తప్పేం లేదమ్మా, ఈయనే ఆగలేదు" అన్నారు. విజిటర్ ఇన్సూరెన్స్‌లు చాలావరకు పాత జబ్బులకి సరిగా డబ్బు కట్టవు. ఎమర్జెన్సీకి వెళ్లాల్సి వస్తే ఏమయ్యేదో నా ఫ్రెండ్‌కి తెలుసు, నాకూ తెలుసు. ఆమె ఆ విషయం ఇప్పటిదాకా ఎత్తలేదు.

అందుకే "నోరు కట్టుకోవాలి" అని మనిషిని ఒంటరిగా నిలబెట్టే సలహాల మీద నాకు నమ్మకం పోయింది. చుట్టూ ఉన్నది మారితే మనిషి మారడం తేలిక. మాకు దగ్గర్లోనే ఉన్న ఫిలడెల్ఫియాలో 2017 జనవరి నుంచి తీపి పానీయాల మీద ఔన్సుకి ఒకటిన్నర సెంటు పన్ను వేశారు, రెండు లీటర్ల సీసా మీద దాదాపు ఒక డాలరు. అదే ఏడాది యూఏఈలో కూల్‌డ్రింకుల మీద 50 శాతం ఎక్సైజ్ పన్ను వచ్చింది, గల్ఫ్‌లో ఉన్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది. బ్రిటన్‌లో 2018 ఏప్రిల్ నుంచి చక్కెర మోతాదుని బట్టి కంపెనీల మీద పన్ను పెడితే, ఆ తేదీ రాకముందే చాలా కంపెనీలు తమ పానీయాల్లో చక్కెర తగ్గించేశాయి. తాగేవాళ్లకి ఎవరూ నీతి బోధ చేయలేదు, గ్లాసులో ఉన్నది మారింది.

మన పార్టీలకి పన్ను వేసేవాళ్లెవరూ లేరు. పిలిచేవాళ్లం మనమే, షీట్ తయారు చేసేవాళ్లం మనమే. డెసర్ట్ గడి ఒక్కటే ఉంచితే ఏడు స్వీట్లు రావు. ఉగాదికో దీపావళికో వందలమంది కలిసే మన సంఘాల కార్యక్రమాల్లో సోడా డబ్బాల చోట మజ్జిగ, నీళ్లు పెడితే పిల్లలు మొదటిసారి గొణుగుతారు, రెండోసారి తాగుతారు. బంతిలో ముందే స్వీటు వడ్డించేయడం మన పద్ధతి, కాదనను. కానీ కూర, పప్పు ముందు తిని, అన్నం, తీపి తర్వాత తింటే రక్తంలో చక్కెర అంత వేగంగా పెరగదని కొన్ని చిన్న అధ్యయనాలు చూపించాయి. బఫేలో స్వీటు బల్లని చివరికి జరపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పుట్టినరోజు కేకుకి నేను వ్యతిరేకం కాదు, కేకూ జామూ ఐస్‌క్రీమూ ఒకే ప్లేటులో ఎందుకన్నదే నా గొడవ.

నాలుగింటికి, తొమ్మిదిన్నరకి

బయట ఎంత మార్చినా ఇంట్లో నాలుక ఉంది. నా విషయంలో తీపి మీద మనసు పోయేది రెండే సమయాల్లో, మధ్యాహ్నం నాలుగింటికి, రాత్రి తొమ్మిదిన్నరకి. కారణం తెలుసుకోవడానికి కొన్ని నెలలు పట్టింది. మధ్యాహ్నం లంచ్‌లో యోగర్టూ సలాడూ తప్ప పిడికెడు ప్రొటీన్ ఉండేది కాదు, నాలుగింటికి ఒంట్లో ఓపిక లేక చేయి డ్రాయర్‌లోకి వెళ్లేది. ఇప్పుడు బాక్సులో గట్టి పప్పో, ఉడికించిన సెనగలో, గుడ్లో ఉంటాయి, అన్నం తక్కువ. రాత్రిదేమో ఆకలి కాదు. హైదరాబాద్ టీమ్‌తో తొమ్మిదింటి నుంచి పదకొండు దాకా కాల్స్. అలసట, నిద్రలేమి, ఎదురుగా స్క్రీన్. నిద్ర తగ్గితే ఆకలి పెరుగుతుందనేది ఎప్పటినుంచో తెలిసిన విషయమే. ఐటీలో ఉన్న మన ఇళ్లలో తీపి సమస్యలో కొంత భాగం నిజానికి మీటింగుల సమస్యే. మేనేజర్‌ని అడిగి వారంలో రెండు కాల్స్ పొద్దుటికి మార్పించుకున్నాను. ఏ డైట్ కన్నా అదే ఎక్కువ పనిచేసింది.

కాఫీ సంగతి మెల్లగా. రెండు స్పూన్ల నుంచి ఒకటిన్నర, పది రోజుల తర్వాత ఒకటి, ఇంకో పది రోజులకి ముప్పావు. ఒక్కసారిగా మానేసిన ప్రయత్నాలన్నీ విఫలమయ్యాయి, ఇది నిలబడింది. రెండు మూడు నెలలకి నాలుకే మారిపోయింది. ఇప్పుడు అర స్పూను. ఎవరింట్లోనైనా రెండు స్పూన్ల కాఫీ ఇస్తే పాయసంలా ఉంటుంది. డికాక్షన్ అసలు రుచి నలభై ఆరేళ్లకి తెలిసింది నాకు.

స్వీట్లు మానలేదు. డబ్బాలోంచి నిలబడి తినడం మానేశాను. అమ్మ పంపినవి రాగానే రెండేసి చొప్పున విడదీసి ఫ్రీజర్‌లో పెడతాను. బొబ్బట్లయితే ఫ్రీజర్‌లో చక్కగా ఉంటాయి, పెనం మీద వేడి చేసుకుంటే చాలు. ఆదివారం భోజనం అయ్యాక, ప్లేటులో పెట్టుకుని, కూర్చుని, నెయ్యి వేసుకుని ఒకటి తింటాను. దాచుకుని తిన్న సగం ప్యాకెట్ కుకీల కన్నా అది ఎక్కువ తృప్తి. తిన్న తర్వాత పావుగంట నడక. న్యూజెర్సీ చలికాలంలో బయట నడవలేం, బేస్‌మెంట్‌లోనే గుండ్రంగా తిరుగుతాను, మావారు ఎద్దు గానుగ అంటారు.

అప్పుడప్పుడూ తప్పాను. పోయిన దీపావళి వారంలో లెక్క రాయడమే మానేశాను. చక్కెర మత్తుమందుతో సమానం, విషం అనే మాటలు ఈమధ్య వీడియోల్లో తెగ వింటున్నాం. అవి నాకు పనికిరాలేదు. విషమని చెప్పుకున్నకొద్దీ దాచుకుని తినడం ఎక్కువైంది. పిల్లల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. మా చిన్నమ్మాయికి హాలోవీన్ క్యాండీ మొత్తం లాగేసుకున్న ఏడాది, మార్చిలో మంచం కింద రేపర్లు దొరికాయి. నా దగ్గరే నేర్చుకుందని అప్పుడు అర్థమైంది. ఇప్పుడు రోజుకి రెండు, భోజనం తర్వాత, బల్ల దగ్గర. రెండు వారాలకి దానికే విసుగొచ్చి మిగతాది వదిలేస్తోంది.

ఇన్సులిన్ గానీ, షుగర్ బాగా తగ్గించే మాత్రలు గానీ వాడేవాళ్లు నన్ను చూసి ఒక్కసారిగా తిండి మార్చేయకండి. షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు, ముందు డాక్టరుతో మాట్లాడండి. ముప్పై అయిదు దాటిన ప్రతి ఒక్కరూ, బీఎంఐ 23 దాటితే అంతకన్నా ముందే, పరీక్ష చేయమని నోరు తెరిచి అడగండి. అడగకపోతే చెయ్యకపోవచ్చు. నాకు అలాగే జరిగింది.

మొన్న శనివారం బయల్దేరేటప్పుడు, ఎప్పట్లాగే మిగిలినవన్నీ డబ్బాల్లో సర్ది ఇస్తున్నారు. ఇంటావిడ నా చేతిలో జామ్‌ల డబ్బా పెట్టబోయింది. "వదినా, అది వద్దు, ఆ గోంగూర పచ్చడి కాస్త ఇవ్వు" అన్నాను. నవ్వి, పచ్చడి తెచ్చిచ్చి, గరాజ్ దాకా వచ్చింది. చెప్పులు వేసుకుంటుంటే మెల్లగా అడిగింది, "ఇప్పుడు నీదెంతుంది?"

"5.8."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నాది 8.4. ఆయనకింకా చెప్పలేదు," అంది.

వచ్చే నెల మా ఇంట్లో వినాయక చవితి పాట్‌లక్. నిన్న షీట్ పంపాను, డెసర్ట్‌కి ఒకే ఒక్క గడి పెట్టి. అందులో ముందుగా ఆమె పేరే పడింది, ఎదురుగా "పుచ్చకాయ ముక్కలు" అని. పొద్దున లేచి చూసేసరికి ఎవరో కింద ఇంకో వరస చేర్చి రసమలై అని రాశారు.